పటాలం వెంట సంసారం: సముద్రం దాటిన ఉత్తరాంధ్ర సిపాయిల కుటుంబాలు, వారి పిల్లలు

శ్రీకాకుళం జిల్లాలోని నౌపడకు చరిత్ర గ్రంథాలలో రెండే కారణాలవల్ల చోటు దక్కింది. ఒకటి ఉప్పు. రెండవది 1900లో పర్లాకిమిడి రాజావారు నౌపడ నుంచి తమ రాజధానికి వేయించిన చిన్న రైలు. ఊరి పేరులోని ‘నౌ’ శబ్దాన్ని చూసి ఓడలతో ముడిపెట్టాలన్న ఆశ ఎవరికైనా కలుగుతుంది గాని, శబ్దసామ్యం ఆధారం కాజాలదు. అయితే ఓడలతో ఈ తీరానికి గల సంబంధాన్ని చెప్పడానికి వ్యుత్పత్తి అవసరమే లేదు. దక్షిణాన కళింగపట్నం, ఉత్తరాన బారువ రేవులు. పడమటి వైపు టెక్కలి మీదుగా మద్రాసును కలకత్తాతో కలిపే పాత దండుబాట. ఆ బాటపై శ్రీకాకుళం, బరంపురం, విజయనగరం, వాల్తేరు దండు విడిది చేసే స్థావరాలు. ఈ రేవులకూ ఈ బాటకూ నడుమ ఉన్న పల్లెల నుంచి ఒకటిన్నర శతాబ్దంపాటు మగవారు కంపెనీ పటాలాలలో చేరారు. పినాంగు, మలక్కా, సింగపూరు, మోల్మేను, రంగూను, హాంకాంగు దాకా వెళ్ళారు.

ఆ సిపాయిల యుద్ధాలను గూర్చి లెఫ్టినెంట్ కర్నల్ డబ్ల్యు. జె. విల్సన్ 1880లలో సంపుటాలకు సంపుటాలు సంకలనం చేశాడు. వాటిలో పటాలాల సంఖ్యలు, అధికారుల పేర్లు, చనిపోయినవారి లెక్కలు ఉన్నాయి. ఆ సిపాయిల భార్యలూ పిల్లలూ మాత్రం ఎక్కడో ఒక బత్తెం తగాదాలోనో, ఓడ కిరాయి లెక్కలోనో, అనాథ బాలుడికి మంజూరైన అరజీతంలోనో తప్ప కనిపించరు. కాని ఆ లెక్కలను కొంచెం ఓపికగా చదివితే ఒక సంగతి తేటపడుతుంది. మద్రాసు సైన్యం సముద్రం దాటగలిగిందంటే అందుకు కారణం దాని సిపాయికి కులాచారం పట్టింపు తక్కువ కావడం ఒక్కటే కాదు. వెనుక ఉన్న కుటుంబానికి నెలనెలా కూడు అందుతుందన్న హామీ కూడా అంతే బలమైన కారణం. ఆ హామీ సడలిన ప్రతిసారీ పటాలం కదలనని మొరాయించింది.

తిలంగాలు, తెలగాలు

ఉత్తర సర్కార్లు ఇంగ్లీషువారి చేతికి చిక్కిన క్రమం సుపరిచితమే. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధం, మరుసటి ఏప్రిల్లో మచిలీపట్నం పతనం, 1765లో మొగలు పాదుషా ఫర్మానా, 1766లో నిజాముతో ఒడంబడిక. అంతకు ముందే ఈ ప్రాంతపు యోధులు కోరమండలం తీరంలోని యూరోపియను కంపెనీల తుపాకీ దళాలలో ఉన్నారు. 1756 చివర క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకు ఓడలపై తీసుకుపోయిన సిపాయిలను అక్కడివారు ‘తిలంగా’లన్నారు. ఆ పేరు ఎంతగా స్థిరపడిందంటే, నూరేళ్ళ తరువాత, 1857లో ఢిల్లీ వీధుల్లో తిరిగిన అవధ్ సిపాయిలను కూడా ఊరివారు తిలంగాలనే పిలిచారు. తెలుగుదేశం ముఖం చూడని బ్రాహ్మణ, రాజపుత్ర సిపాయికి తెలుగువాడి పేరు అంటుకోవడం చరిత్రలోని చిన్న వింత. ఇటు సర్కారు జిల్లాలలో తెలగలు, ఒకనాటి తెలుగు రాజుల సేనలలో పనిచేసి తరువాత సేద్యానికి దిగినవారన్న ప్రసిద్ధి జనాభా లెక్కల నివేదికల దాకా వెళ్ళింది. వారితోపాటు కాపులు, వెలమలు, ముస్లిములు, దళిత కులాలవారు, క్రైస్తవులు పటాలాలలో చేరారు. పందొమ్మిదవ శతాబ్దపు మద్రాసు కాల్బలంలో ముస్లిములు, తెలుగువారు రెండు పెద్ద వర్గాలు.

బెంగాలు సైన్యానికీ మద్రాసు సైన్యానికీ ఉన్న అసలు భేదం కుటుంబం. బెంగాలు సిపాయి భార్యాబిడ్డలను అవధ్‌లోని స్వగ్రామంలో వదిలి వచ్చేవాడు. సెలవు దొరికితే వెళ్ళి చూసేవాడు. మద్రాసు సిపాయి అలా కాదు. పటాలం ఎక్కడుంటే అక్కడే అతని సంసారం. ‘లైన్లు’ అని పిలిచే ఆ గుడిసెల వరుసలను సర్కారు కట్టి ఇచ్చేది కాదు. గుడిసె వేసుకోవడానికి కొంత సొమ్ము ఇచ్చేది. తాటాకు, వెదురు, మట్టి తెచ్చుకుని సిపాయే కట్టుకునేవాడు. బదిలీ వస్తే దానిని వచ్చినంతకు అమ్మి, కొత్త చోట మళ్ళీ మొదలుపెట్టాలి. నెల జీతం ఏడు రూపాయలు. అందులోనే భార్య, పిల్లలు, తరచుగా తల్లి, విధవ అక్క. పటాలం విజయనగరం నుంచి సికింద్రాబాదుకో, బళ్ళారికో కదిలితే దాని వెంట బళ్ళు, ఎద్దులు, కావళ్ళు, నడిచేవారు, ఎత్తుకోబడినవారు కలిసి ఒక ఊరే కదిలేది. పటాలపు బజారు, అందులోని కోమట్లు, అప్పులు కూడా కదిలేవి. ఒక్కొక్క బదిలీ ఒక్కొక్క కుటుంబాన్ని ఎన్ని నెలల జీతం మేరకు అప్పులో దించేదో ఊహించడం కష్టం కాదు.

ఈ ఏర్పాటును అధికారులు దయతో సహించారనుకోరాదు. లైన్లలో భార్యాబిడ్డలున్న సిపాయి పారిపోడు, తిరగబడడానికి వెనుకాడతాడు అన్న లెక్క వారి మనసులో ఉండేది. కుటుంబం అతని మంచి నడవడికి జామీను. 1857లో మద్రాసు సైన్యం చాలావరకు కదలకుండా ఉండడానికి చెప్పిన కారణాలలో ఇదీ ఒకటి. ఆ వాదంలో కొంత నిజముంది. కాని జామీను రెండువైపులా పదునున్నది. అదే కుటుంబం కోసం అదే సిపాయి తుపాకి దించి నిలబడిన సందర్భాలూ ఉన్నాయి.

ఓడ ఎక్కనన్నవారు

మొదటిది ఈ తీరంలోనే జరిగింది. 1780లో హైదరాలీ కర్ణాటకంపై విరుచుకుపడినప్పుడు, సర్కారు పటాలాలను విశాఖపట్నంలో ఓడ ఎక్కించి మద్రాసుకు పంపాలని నిర్ణయించారు. అక్టోబరు 3న సిపాయిలు ఓడ ఎక్కడానికి నిరాకరించారు. కాల్పులలో ఇంగ్లీషు అధికారులు కొందరు చనిపోయారు. షేక్ మహమ్మద్ అనే సుబేదారు నాయకత్వాన తిరుగుబాటుదారులు కంపెనీ ఖజానాను స్వాధీనం చేసుకుని పట్నం విడిచి వెళ్ళారు. కొద్దికాలంలోనే వారిని చెదరగొట్టారు. ఈ ఘటనను 1857కు ముందుమాటగా చదవడం నేటి ఆనవాయితీ. ఆ దృష్టిలో తప్పులేదు గాని, అందులో ఒక సాదా ప్రశ్న మరుగున పడుతోంది. విశాఖపట్నం నుంచి మద్రాసు విదేశమేమీ కాదు. అయినా ఓడ ఎక్కినవాడు ఎక్కడ దిగుతాడో, ఎన్నాళ్ళకు తిరిగి వస్తాడో చెప్పగలిగినవారు లేరు. తీరాన నిలబడిన భార్యకు ఆ నెల బత్తెం ఎవరిస్తారో చెప్పగలిగినవారూ లేరు. ‘బత్తెం’ అనే తెలుగు మాటకు నాటి వాడుకలో రోజుకూలి గింజలు, దారి ఖర్చు అన్న అర్థాలుండేవి. ఇంగ్లీషు సైనిక పత్రాలు దాన్నే ‘బత్తా’ అన్నాయి. పటాలపు చరిత్రలో ఆ మాట చుట్టూ తిరిగినన్ని గొడవలు మతం చుట్టూ తిరగలేదు.

ఆ తరువాతి కాలంలో కంపెనీ నేర్చుకున్న పాఠం ‘ఫ్యామిలీ సర్టిఫికెట్’ అనే కాగితంలో కనిపిస్తుంది. విదేశీ కొలువుకు వెళ్ళే సిపాయి తన జీతంలో కొంత భాగాన్ని కుటుంబానికి కేటాయించేవాడు. ఆ కాగితం చూపి భార్యో, తల్లో ఇక్కడి సైనిక జీతాల కచేరీలో నెలనెలా ఆ సొమ్ము తీసుకునేది. ఏర్పాటు సులభంగా కనిపిస్తుంది. దాని పర్యవసానాలు అంత సులభం కావు. సొమ్ము ఇచ్చే చోటు దండు స్థావరమే గనుక, కుటుంబం పల్లెకు తిరిగిపోయి అక్కడ పొలం పనులతో కలిసి బతకడం కష్టమయ్యేది. మగవాడు లేని లైన్లలోనే ఉండిపోవాలి. కాగితం పోతే, పేరు తప్పు రాస్తే, అతడు మరో దళానికి మారితే నెలల తరబడి ఎదురుచూపు. అతని మరణవార్త కూడా తరచు ఆ కచేరీ బల్ల వద్దే తెలిసేది. సొమ్ము ఆగిపోవడమే వార్త.

ఆ భాగం ఎంత ఉండాలన్నదానిపై ఇంటింటా జరిగిన మాటలు ఏ రికార్డులోనూ లేవు. ఏడు రూపాయలలో సగం ఇస్తే పరదేశంలో అతడు ఏం తింటాడు? అందుకే విదేశీ కొలువులో ఉచితంగా ఇచ్చే బియ్యం, అదనపు బత్తెం ఈ ఏర్పాటుకు ఆయువుపట్టు. అక్కడి బత్తెం ఉంటేనే ఇక్కడి భాగం నిలుస్తుంది.

1843–44లో ఇది నెత్తుటి అంచుదాకా వెళ్ళింది. ఆరవ మద్రాసు అశ్వదళాన్ని తాత్కాలికమంటూ జబల్పూరుకు తరలించారు. కుటుంబాలు వేరొకచోట, మగవారు మరొకచోట. రెండు కాపురాల ఖర్చు భరించలేక, తిరుగు ప్రయాణం మళ్ళీ మళ్ళీ వాయిదా పడడంతో ఆ దళం పనికి దిగనంది. అంతకంటె ఈ వ్యాసానికి దగ్గరిది 47వ మద్రాసు కాల్బలం కథ. మోల్మేను వెళ్ళవలసిన ఆ పటాలాన్ని సింధుకు మళ్ళించారు. బర్మా కొలువుకు ఇచ్చే బత్తెమే సింధులోనూ ఇస్తామని అప్పటి మద్రాసు గవర్నరు, సేనాధిపతి ట్వీడ్‌డేల్ ప్రభువు చెప్పాడు. ఆ లెక్క నమ్మి సిపాయిలు జీతంలో పెద్ద భాగాన్ని ఇంటికి రాసి ఓడ ఎక్కారు. బొంబాయి చేరాక, ఆ హామీ చెల్లదని కలకత్తా ప్రభుత్వం తేల్చిందని తెలిసింది. ఇంటికి రాసింది రాసినట్లే ఉంది. చేతికి వచ్చేది మాత్రం తిండికి చాలదు. 1844 ఫిబ్రవరిలో కవాతు మైదానంలోనే వారు ఆజ్ఞ ధిక్కరించారు. అధికారులు అప్పటికప్పుడు కొంత సొమ్ము ముందుగా ఇచ్చి శాంతింపజేశారు. అనంతరం శిక్షలు వేశారు. ఈ తిరుగుబాటులో రాజ్యం లేదు, మతం లేదు. ఉన్నదల్లా బంగాళాఖాతం ఒడ్డున నెల మొదటి తేదీ కోసం చూసే ఇల్లు.

మసూలా పడవ నుంచి మోల్మేను లైన్ల దాకా

సిపాయిలందరూ కుటుంబాలను వెనుకనే వదలలేదు. యుద్ధానికి వెళ్ళే పటాలం ఒంటరిగా వెళ్ళేది. యుద్ధం ముగిసి స్థావరం ఏర్పడ్డాక కొందరి కుటుంబాలు ఓడలో చేరేవి. మరికొందరికి అక్కడే కొత్త సంసారాలు ఏర్పడేవి. పినాంగు, మలక్కా, సింగపూరు స్థావరాలలోనూ, 1826 ఫిబ్రవరి 24 నాటి యాండబో సంధి తరువాత బ్రిటిషువారి వశమైన తెనాసరిం తీరంలోని మోల్మేనులోనూ దశాబ్దాలపాటు మద్రాసు పటాలాలు వంతులవారీగా కాపలా ఉన్నాయి. సింగపూరులోనూ పినాంగులోనూ ‘సిపాయి లైన్లు’ అన్న పేర్లు నేటికీ మిగిలి ఉన్నాయి.

ప్రయాణం మొదటి గండం ఇక్కడి అలలే. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవులలో నాడు ఓడ ఒడ్డుకు ఆనేది కాదు. దూరంగా లంగరు వేసేది. కొబ్బరినారతో పలకలు కుట్టిన మసూలా పడవలలో జనాన్ని అలలు దాటించేవారు. మేకులు కొట్టని ఆ పడవ అలల దెబ్బకు వంగుతుంది గాని విరగదు. పడవ అడుగున నీరు, ఒడిలో పిల్లవాడు, కాళ్ళ దగ్గర కంచు చెంబు, మూట. ఆ తరువాత ఓడ పైతట్టు మీద రోజుల తరబడి ప్రయాణం. ఓడలో వంట పెద్ద చిక్కు. పొయ్యి ఒకటి, కులాలు పది. అటుకులు, పేలాలు, బెల్లంతో కొన్నాళ్ళు గడిపేవారు, వంతుల ప్రకారం వండుకునేవారు. మద్రాసు సిపాయికి పట్టింపులు తక్కువన్న ప్రఖ్యాతి వెనుక, పట్టింపుల నడుమ దారి వెతికి పిల్లల కడుపు నింపిన ఆడవారి నేర్పు ఉందన్న మాట మరవరాదు.

ఈ సంసిద్ధతకు రాజ్యతంత్రంలో ఎంత విలువ ఉందో 1824 చూపింది. మొదటి బర్మా యుద్ధానికి పంపిన దేశీయ దళాలలో ఎక్కువ భాగం మద్రాసువి. మే 11న రంగూను పట్టుబడింది. కాని ఊరు ఖాళీ. గింజలు లేవు, పశువులు లేవు, పడవలు లేవు. వర్షాకాలమంతా జ్వరం, విరేచనాలు. శత్రువు చేతిలోకంటె రోగం చేతిలో చనిపోయినవారే ఎక్కువ. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో బియ్యం, పశువులు, పడవలు, మనుషులను ఇక్కడి నుంచి పంపుతూ వచ్చాడు. అదే సంవత్సరం నవంబరులో బరాక్‌పూరులో బెంగాలు 47వ పటాలం బర్మా ప్రయాణానికి మొరాయిస్తే దానిపై ఫిరంగులు పేల్చారు. బెంగాలు సైన్యంలో చేరే ప్రతివాడూ సముద్రం దాటడానికి ఒప్పుకోవాలన్న నిబంధన 1856లో గాని రాలేదు. అంతవరకు బంగాళాఖాతం అవతలి కాపలా భారం మద్రాసు లైన్ల మీదనే ఎక్కువగా పడింది.

మోల్మేను లైన్లలో పెరిగిన పిల్లవాడి లోకాన్ని తిరిగి నిర్మించడానికి ఉన్న సామగ్రి చెల్లాచెదురైనది. కాని దాని ఆకృతి తెలుస్తుంది. తెల్లవారుజామున బూరా. తండ్రి కవాతుకు వెళ్తే తల్లి పటాలపు బజారుకు. బియ్యానికి కొదవలేదు, అది వరి దేశమే. చింతపండు, కంది, మిరప మాత్రం ఓడ మీద రావాలి, ధర ఎక్కువ. ఎండుచేపకు అలవాటుపడ్డ సర్కారు తీరపు నాలుకకు బర్మావారి ఙపి వాసన మరీ పరాయిదేమీ కాకపోవచ్చు. ఇంట్లో తెలుగు, పక్క గుడిసెలో అరవం, కవాతులో, అధికారి ముందు హిందుస్తానీ, బజారులో బర్మీ. మద్రాసు పటాలాలలో అధికారులకూ సిపాయిలకూ నడుమ వాడుక భాష హిందుస్తానీయే. కాబట్టి లైన్ల బిడ్డకు ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి నాలుగు భాషల చప్పుడు చెవిలో ఉండేది. టెక్కలి పరిసరాల పల్లెలో అదే వయసు పిల్లవాడికి దొరకని విద్య ఇది. దీనిని విద్య అనాలని నాటి పాఠశాలల నివేదికలు రాసినవారికి తోచలేదు.

మలయా తీరంలో మరో వింత ఎదురయ్యేది. అక్కడివారు భారతదేశపు తూర్పు తీరం నుంచి వచ్చినవారినందరినీ ‘క్లింగ్’లనేవారు. కళింగమన్న మాటే అది. తమిళ వర్తకుడికీ, మరక్కాయరుకూ అంటిన ఆ పేరుకు అసలు హక్కుదారులు ఎవరైనా ఉంటే కళింగపట్నం నుంచి వచ్చినవారే. రానురాను ఆ మాటలో తిరస్కారం చేరింది. తన ఊరి పేరే తిట్టుగా వినవలసిన పిల్లవాడి మనసు ఎలా ఉంటుందో చెప్పే పత్రం ఏ దఫ్తరులోనూ ఉండదు.

హాంకాంగు కథ చేదుది. 1841 మే 30న కాంటన్ సమీపాన శాన్‌యువాన్‌లీ పొలాలలో 37వ మద్రాసు కాల్బలపు ఒక కంపెనీ దారితప్పింది. కుండపోత వానలో చెకుముకి తుపాకులు పేలలేదు. చుట్టూ వేల మంది గ్రామస్థులు. సుమారు అరవైమంది సిపాయిలు చతురస్రంగా నిలబడి, కొత్తరకం తుపాకులున్న నావికాదళం వచ్చేదాకా కాచుకున్నారు. ఆ పటాలానికి గ్రెనడియర్లన్న బిరుదు వచ్చింది. చైనావారు కూడా ఆ రోజును తమ విజయంగా స్మరిస్తారు. యుద్ధం ముగిశాక హాంకాంగు కాపలాకు వెళ్ళిన మద్రాసు దళాలను జ్వరాలు కూల్చాయి. బిరుదులు పటాలానికి దక్కితే, మరణాలు కుటుంబాలకు దక్కాయి.

అరజీతపు పిల్లలు

సిపాయి విదేశంలో చనిపోతే అతని కొడుకు ఏమవుతాడు? మద్రాసు సైన్యం ఇచ్చిన జవాబు విలక్షణమైనది. ఒక్కొక్క పటాలంలోనూ కొందరు బాలురకు పేరు రాసుకునే చోటుండేది. వీరిలో రెండు తరగతులు. కొలువులో చనిపోయిన సిపాయిల కొడుకులు ‘పెన్షన్ బాయ్స్’. సిపాయి బిడ్డలలో ముందు ముందు భర్తీకి తయారయ్యేవారు ‘రిక్రూట్ బాయ్స్’. వారికి సిపాయి జీతంలో కొంత భాగం ముట్టేది, కవాతు నేర్పేవారు, పటాలపు బడిలో అక్షరాలు చెప్పేవారు. వయసు, ఎత్తు వచ్చాక తండ్రి వరుసలోనే నిలబెట్టేవారు. అధికారులు దీనిని గొప్ప ఔదార్యమని రాసుకున్నారు. ఔదార్యమే, కాదనలేము. విధవ తల్లికి ఆ రెండు మూడు రూపాయలు పొయ్యి వెలిగించేవి. కాని అది చవకలో దొరికిన భర్తీ కూడా. లైన్లలో పుట్టి, బూరా చప్పుడుకు లేచి, హిందుస్తానీ ఆజ్ఞలు ఆటల్లోనే నేర్చిన బాలుడికి కొత్తగా నేర్పవలసింది తక్కువ. అతనికి మరో దారి కూడా తక్కువే. పల్లెలో పొలం లేదు, ఉన్నా దాయాదులు ఇవ్వరు. కులవృత్తి చేతికి రాలేదు. అలా ‘లైన్లలో పుట్టినవారు’ అనే ఒక జనం తయారైంది. సొంత ఊరి పేరు చెప్పమంటే పటాలం సంఖ్య చెప్పేవారు.

ఆడపిల్లలకు ఈ పద్దులలో స్థానం లేదు. వారికి పటాలంలోనే పెళ్ళి. లైన్లలోని మరో సిపాయికో, అతని కొడుక్కో. అందువల్ల పటాలం నలభై యాభై ఏళ్ళలో చుట్టరికాల వల అయింది. సుబేదారు మేనమామ, హవల్దారు వియ్యంకుడు. క్రమశిక్షణ ఉల్లంఘన విచారించే పంచాయతులలో ఈ వరుసలు ఎంత పని చేసేవో, పందొమ్మిదవ శతాబ్దపు ఇంగ్లీషు అధికారులు మద్రాసు సైన్యంపై చేసిన ఫిర్యాదులే చెబుతాయి. చుట్టరికం ఎక్కువ, ఉడుకు తక్కువ అన్నది వారి సణుగుడు.

ఆ సణుగుడే తరువాత సిద్ధాంతమైంది. 1881 నుంచి 1885 దాకా మద్రాసు సేనాధిపతిగా, అనంతరం 1893 వరకు భారత సేనాధిపతిగా ఉన్న ఫ్రెడరిక్ రాబర్ట్స్, దీర్ఘశాంతి దక్షిణాదివారిని యుద్ధానికి పనికిరానివారిని చేసిందని తీర్పు చెప్పాడు. యుద్ధజాతుల వాదం గెలిచింది. 1885–86లో మూడవ బర్మా యుద్ధం, ఎగువ బర్మా ఆక్రమణ మద్రాసు పటాలాలకు చివరి పెద్ద పరదేశపు కొలువు. ఆ కొలువు ముగియకముందే వాటిలో కొన్నిటిని బర్మా పటాలాలుగా మార్చి, వరుసలను పంజాబీలతో, గూర్ఖాలతో నింపారు. 1766లో తీరపు సిపాయిలతో ఏర్పడిన పదవ మద్రాసు పటాలం సంఖ్య నేటి పదవ గూర్ఖా దళాలకు సంక్రమించడం ఈ మార్పుకు గుర్తు. 1903లో కిచెనర్ సంఖ్యలు మార్చినప్పుడు మరికొన్ని మద్రాసు పటాలాలు పేరుకే పంజాబీ పటాలాలుగా మారి, తరువాత నిజంగానే అలా తయారయ్యాయి. తెలుగువారి భర్తీ దాదాపు ఆగింది. మిగిలిన మూడవ మద్రాసు రెజిమెంటును కూడా 1920లలో రద్దు చేశారు. మళ్ళీ మద్రాసు రెజిమెంటు లేచింది రెండవ ప్రపంచయుద్ధం అక్కరకే. పటాలాలు రద్దయ్యాయన్న సంగతిని సైనిక చరిత్రలు రెండు వాక్యాలలో ముగిస్తాయి. లైన్లలో మూడు తరాలుగా బతికిన జనం ఎక్కడికి పోయారన్నది ఆ వాక్యాలలో లేదు.

రంగం వెళ్ళినవారు

దండుబాట మూసుకుపోయిన ఆ దశాబ్దాలలోనే ఇదే తీరం నుంచి మరో ప్రవాహం మొదలైంది. 1866 కరవు గంజాం జిల్లాను ఎండగట్టింది. నాడు శ్రీకాకుళం, టెక్కలి ఆ జిల్లాలోనివే. 1890లలో రైలు వచ్చింది. బ్రిటిష్ ఇండియా కంపెనీ స్టీమర్లు కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం, బారువ, గోపాలపురం రేవుల నుంచి రంగూనుకు కూలీలను మోసుకుపోయాయి. ఉత్తరాంధ్ర పల్లె నోట రంగూను ‘రంగం’ అయింది. అక్కడి రేవులో బస్తాలు మోసినవారిలో, బియ్యపు మిల్లుల్లో పనిచేసినవారిలో, రిక్షాలు లాగినవారిలో తెలుగువారు ముఖ్యులు. 1931 నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు, రంగూను జనాభాలో సగానికి పైగా. బర్మావారు వీరిని కొరంగీలన్నారు. కోరింగ రేవు పేరు అలా మిగిలింది. 1930 మే నెలలో రేవు కూలీ తగాదా తెలుగువారిపై ఊచకోతగా పరిణమించింది.

ఈ రెండు వలసలనూ పక్కపక్కన పెట్టి చూడడం మన చరిత్ర రచనలో అరుదు. ఒకదానిని సైనిక చరిత్ర అన్నారు, మరొకదానిని కార్మిక చరిత్ర అన్నారు. కుటుంబం వైపు నుంచి చూస్తే రెండింటి మధ్య తేడా పిల్లల దగ్గర ఉంది. సిపాయికి లైన్లు ఉన్నాయి. అరకొరగానైనా భార్యాబిడ్డలకు పద్దు ఉంది, చనిపోతే కొడుక్కి అరజీతం ఉంది. రంగం కూలీకి మేస్త్రీ, అప్పు, ఒక గదిలో ఇరవైమంది మగవాళ్ళు. ఆడవారు పోయినది బహు తక్కువ. కాబట్టి సిపాయి బిడ్డ పరదేశంలో తండ్రితో పెరిగాడు. కూలీ బిడ్డ స్వదేశంలో తండ్రి లేకుండా పెరిగాడు. మొదటివాడికి నాలుగు భాషలు వచ్చాయి, ఊరు లేదు. రెండవవాడికి ఊరు ఉంది, రెండు మూడేళ్ళకొకసారి ట్రంకుపెట్టెతో వచ్చే తండ్రి ముఖం కొత్త.

1941 డిసెంబరు 23న రంగూనుపై బాంబులు పడ్డాయి. 1942 మార్చి 8న పట్నం జపానువారి వశమైంది. ఆ నడుమా ఆ తరువాతా లక్షలాది భారతీయులు ఓడలపై, అరకాను దారిన, అస్సాము అడవుల గుండా నడిచి వచ్చారు. ఏప్రిల్ 6న విశాఖపట్నంపైనే బాంబులు పడ్డాయి. శతాబ్దం పైగా ఈ తీరం తన మగవారిని ఏ సముద్రం మీదుగా పంపిందో, యుద్ధం అదే సముద్రం మీదుగా ఇంటికి వచ్చింది. 1960లలో బర్మా నుంచి తిరిగివచ్చిన రెండవ విడత కుటుంబాలకు విశాఖపట్నంలో వెలసిన పేట ఇప్పటికీ బర్మా క్యాంపే.

డబ్బు నడిచిన దారిని గూర్చి ఒక్క మాట. 1880లో ప్రభుత్వం మనియార్డర్ల పనిని తపాలా శాఖకు అప్పగించింది. అంతవరకు పరదేశపు జీతం ఇంటికి చేరాలంటే సైనిక కచేరీ బల్లో, తిరిగి వచ్చే తోటివాడి నడుము సంచో దిక్కు. ఇకపై తపాలా జవాను పల్లె గడపకే తెచ్చాడు. ఆడది దండు స్థావరాన్ని అంటిపెట్టుకుని ఉండవలసిన అవసరం తప్పింది. టెక్కలి, నౌపడ వైపు ఊళ్ళలో ఆమె ఉప్పు మళ్ళలో కూలికి పోతూ, మామగారి గుడిసెలో పిల్లలను పెంచుతూ, రంగం సొమ్ము కోసం చూడగలిగింది. మనియార్డరు కూపనుపై నాలుగు ముక్కలు రాసే చోటుండేది. దానిని చదివి వినిపించడానికి ఊళ్ళో అక్షరం వచ్చినవాడి కోసం వెతుక్కునేవారు. పటాలపు బడిలో నాలుగు అక్షరాలు నేర్చి, పెన్షనుతో పల్లె చేరిన ముసలి సిపాయి ఉన్న ఊరిలో ఆ వెతుకులాట త్వరగా ముగిసేది.